బియ్యం పళ్ళెం నుంచి బలపం దాకా: పిల్లలకు తెలుగు అక్షరాలు చేతితో నేర్పే మాంటిస్సోరి దారి

అక్షరాభ్యాసం రోజున పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చూపుడు వేలు పట్టుకుని దిద్దిస్తాం. వేలు కదిలిన చోటల్లా గింజలు పక్కకు జరిగి, అడుగున పళ్ళెం మెరుస్తుంది. నాలుగు ఫొటోలు తీసుకుంటాం. మరునాటికి ఆ బియ్యం వంటింట్లోకి వెళ్ళిపోతుంది. బిడ్డ చేతికి పెన్సిలూ నాలుగు గీతల పుస్తకమూ వస్తాయి.

మా ఇంట్లోనూ అంతే జరిగింది. విశాఖపట్నంలో మేముండే ఎం.వి.పి. కాలనీ దగ్గరే ఒక నర్సరీ బడిలో పాపను చేర్చాం. అప్పటికి మూడేళ్ళు నిండి రెండు నెలలు. రోజుకొక పేజీ 'అ' ఇంటిపని. నెల తిరగకముందే పెన్సిలు సోఫా కింద దాచడం నేర్చుకుంది, 'అ' మాత్రం రాలేదు. అప్పుడు మా అమ్మ అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది: "ఆ బియ్యం పళ్ళెమే ఇంకో ఏడాది ఉంచితే ఏం పోయింది?"

ఏమీ పోదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతి సారం దాదాపు అదే. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో, పేద కుటుంబాల పిల్లల కోసం ఆమె 'పిల్లల ఇల్లు' అనే బడి తెరిచారు. రాయడానికి కావలసిన పనులను అక్కడ విడదీసి చూశారు. వేళ్ళకు పట్టు రావడం ఒకటి, అక్షరం ఆకారం కండరాలకు గుర్తుండడం ఒకటి, ధ్వనికీ గుర్తుకూ ముడి పడడం మరొకటి. పెన్సిలు ఇచ్చి 'అ' రాయమంటే ఈ మూడింటినీ ఒకేసారి అడిగినట్టే. ఆమె వాటిని విడివిడిగా నేర్పి, కలిసే పనిని పిల్లలకే వదిలేశారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆహ్వానంపై మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయి, వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అందువల్ల ఈ పద్ధతి మనకు మరీ పరాయిదేమీ కాదు.

కింద రాసినవి మా పాపతోనూ, సాయంత్రాలు మా డాబా మీదికి వచ్చే మరో నలుగురు పిల్లలతోనూ నేను చేసినవి. ఖరీదైన సామాను ఏదీ అక్కరలేదు.

మొదటి మెట్టు: అక్షరాల ఊసెత్తకుండా వేళ్ళు

రెండున్నర నుంచి మూడున్నర ఏళ్ళ మధ్య అక్షరాల జోలికి పోకండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయడం ముందు రావాలి. మాంటిస్సోరి తరగతిలో దీనికి పిడి ఉన్న కొయ్య స్తూపాలు ఉంటాయి. ఒక్కో దిమ్మెలో పది, మొత్తం నాలుగు దిమ్మెలు. ఆ పిడి ఇంచుమించు పెన్సిలంత లావే ఉంటుంది, పిల్లలు దాన్ని మూడు వేళ్ళతో ఎత్తి సరిపడే గుంటలో పెడతారు. ఆట అనుకుంటూనే పెన్సిలు పట్టు నేర్చుకుంటారన్నమాట.

ఆ దిమ్మెలు కొనకుండానే మాకు గడిచిపోయింది. విశాఖకు దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది కదా. అంకుడు కర్రతో చేసి లక్క రంగులద్దే ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి లక్కపిడతల మూతలకు చిన్న బొడిపెలుంటాయి. అయిదారు సైజుల పిడతలను ఒక బుట్టలో వేసి, మూతలన్నీ తీసి కలిపేసి, 'దేని మూత దానికి పెట్టు' అంటే సరి. బొంగరం కూడా మంచిదే, కాడను మూడు వేళ్ళతో తిప్పాలి కాబట్టి.

ఇక వంటిల్లు ఉండనే ఉంది. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, పచ్చి బఠానీలు ఒలవడం, బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పులు అందించి పెట్టించడం. వీటన్నిటిలోకీ మా దగ్గర బాగా పనిచేసింది వేరుశెనగకాయ. పాప మొదట కాయను పిడికిట్లో పట్టుకుని నలిపేది. వారం తరువాత చూస్తే, కాయ ముక్కు దగ్గర బొటనవేలి గోరు ఆనించి, చూపుడువేలితో ఎదురు నొక్కి, టప్పుమనిపిస్తోంది. మూడో వేలు కింద ఆసరాగా ఉంది. ఆ పట్టు ఎవరూ చెప్పి నేర్పింది కాదు. అందులో కాయ తీసి పెన్సిలు పెడితే సరిపోతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలు పల్లీలు ఒలిచేటప్పుడు పక్కన కూర్చోండి. గొంతులో అడ్డుపడతాయి.

ముగ్గు వేసే ఇల్లయితే పిండి పట్టుకోవడం కూడా నేర్పండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా, ఎడతెగకుండా జారాలి. మన లిపి అంతా వంపులే. చుక్కల చుట్టూ ముగ్గు తిప్పిన చేతికి ఆ వంపులు కొత్తవిగా ఉండవు.

రెండో మెట్టు: ఇసుక పళ్ళెం

సముద్రం పక్కన ఉన్నాం కదా, ఇసుకకేం కరువు అనుకుని రామకృష్ణా బీచ్ నుంచి ఒక డబ్బాడు తెచ్చాను. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజుకు ఉండలు కట్టింది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, మన ఊళ్ళో ఆ తేమకు లోటు లేదు. బీచ్ ఇసుకే వాడాలంటే బకెట్టులో వేసి మంచినీళ్ళతో నాలుగైదుసార్లు కలియబెట్టి వంచెయ్యండి, రెండు రోజులు ఎండబెట్టండి, పిండి జల్లెడతో జల్లించండి. గవ్వ ముక్కలు, గాజు పెంకులు పైన ఉండిపోతాయి. అంత ఓపిక లేకపోతే, కట్టుబడి జరుగుతున్న ఇంటి దగ్గర రెండు దోసిళ్ళ ఏటి ఇసుక అడిగి కడుక్కోవడం మేలు. రంగు బాగుంటుందని భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం తీయకండి. వేల ఏళ్ళ నాటి దిబ్బలవి, రక్షిత ప్రదేశం.

ఇసుక బదులు ఉప్పు పొయ్యమని చాలామంది చెబుతారు. విశాఖలో సాయంత్రానికి అది చెమ్మగిల్లుతుంది. బొంబాయి రవ్వ చక్కగా ఉంటుంది గానీ చీమలకు కూడా చక్కగానే ఉంటుంది. వాడినంతసేపు వాడి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసెయ్యాలి.

అంచు ఉన్న స్టీలు ట్రే ఒకటి చాలు. అడుగున ముదురు రంగు కాగితం అతికించి, దానిమీద ఇసుకను అర సెంటీమీటరు మందాన పరవండి. అంతకంటే మందమైతే అడుగు కనబడదు, పలచనైతే గీత నిలవదు. మొదటి వారం అక్షరాలు వద్దు. నిలువు గీత, అడ్డగీత, సున్నా, అలలు, చుట్ట ముగ్గులాంటి సుడి గీయించండి. తప్పొస్తే ట్రేను మెల్లగా ఊపితే చెరిగిపోతుంది. కాగితం మీద తప్పు అలాగే కూర్చుని ఉంటుంది. బిడ్డ ధైర్యంలో వచ్చే తేడా అంతా అక్కడిదే.

మూడో మెట్టు: గరుకు అక్షరాలు

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. నునుపైన అట్టమీద గరుకు కాగితంతో చేసిన అక్షరం అతికించి ఉంటుంది. బిడ్డ చూపుడువేలు, మధ్యవేలు కలిపి, రాసే దిశలోనే దాన్ని తడుముతాడు. కన్ను ఆకారాన్ని చూస్తుంది, చెవి ధ్వనిని వింటుంది, వేలు కదలికను దాచుకుంటుంది. వేలు పక్కకు జారితే అట్ట నున్నగా తగిలి, దారి తప్పానని దానంతటదే చెబుతుంది, మనం నోరు విప్పనక్కరలేదు.

దుకాణంలో శాండ్‌పేపర్ అని అడిగి 120 లేదా 150 నంబరు తీసుకోండి. నంబరు తగ్గేకొద్దీ గరుకు పెరుగుతుంది, 60 నంబరు చిన్న వేళ్ళను గీకేస్తుంది. కత్తిరించేటప్పుడు అక్షరాన్ని కాగితం వెనకవైపు అద్దంలో కనబడినట్టు తిరగేసి గీయాలి. నేను మొదటి రోజు ఇది మరిచిపోయి ఆరు అక్షరాలు వృథా చేశాను. కత్తెర పదును పోతుంది కాబట్టి పాతది వాడండి.

ఇంగ్లీషు అక్షరాలకు ఈ కత్తిరింపు సులువే. మన 'ఈ', 'ణ', 'ఋ' కత్తిరించాలంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అందుకని కొన్ని అక్షరాల తరువాత నేను పద్ధతి మార్చాను. అట్టమీద పెన్సిలుతో అక్షరం గీసి, దానిమీద ఫెవికాల్‌ను ఒక వేలి వెడల్పున పూసి, జల్లించిన ఇసుక పైన చల్లి, గంట తరువాత దులిపెయ్యడమే. మరునాడు ఇంకో పూత వేస్తే రాలకుండా నిలబడుతుంది. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పట్టవచ్చు.

అట్టలకు మా ఇంట్లో శుభలేఖలు పనికొచ్చాయి. ఇప్పటి పెళ్ళి పత్రికలు పలకల్లా ఉంటున్నాయి కదా, వెనక వైపు తెల్లకాగితం అంటిస్తే చాలు. అక్షరం పది సెంటీమీటర్ల ఎత్తు, గీత ఒక సెంటీమీటరు వెడల్పు ఉండాలి. అచ్చులకు ఒక రంగు అట్ట, హల్లులకు ఇంకో రంగు. నేను నీలం, గులాబీ వాడాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేలా ఆ చోట చిన్న ఆకుపచ్చ చుక్క పెట్టండి. ఇంట్లో అందరూ ఒకే దిశలో దిద్దించాలి. మా ఇంట్లో 'ర' సున్నాను అమ్మ ఒక వైపు నుంచి, నేను ఇంకో వైపు నుంచి తిప్పేవాళ్ళం. పాప వారం రోజులు మధ్యలో ఆగిపోయి మా ఇద్దరి ముఖాలూ చూసింది.

ఏ అక్షరంతో మొదలుపెట్టాలి?

'అ'తో మాత్రం కాదు. వర్ణమాల వరుస ధ్వనిశాస్త్రం ప్రకారం గొప్పదే. నోటికి వల్లించడానికి దాన్ని అలాగే ఉంచండి. చేతికి మాత్రం 'అ' కష్టమైన అక్షరం, లోపలికీ బయటికీ తిరుగుతుంది. చేతి వరుస వేరుగా ఉండాలి.

నేను సున్నాతో మొదలుపెట్టి ర, గ తీసుకున్నాను. సున్నాకు తలకట్టు పెడితే ర అవుతుంది. గుమ్మం మీది కమానులాంటి గీతకు తలకట్టు పెడితే గ. తరువాత తలకట్టు లేని ల, ట, బ, జ. ఆపైన కుటుంబాలుగా వెళ్ళండి: ప, ఫ, ష ఒక ఇంటివి. వ, మ ఒక ఇంటివి. ద, ధ, థ ఒకటి. చ, ఛ ఒకటి. ఒక కుటుంబంలో చిన్నది చేతికి వచ్చాకే రెండోది ఇవ్వండి. రెండూ ఒకే రోజు ఇస్తే రెండూ పోతాయి. వరుసలో ఎక్కడున్నా సరే, బిడ్డ పేరులోని మొదటి అక్షరం మొదటి వారంలోనే ఇచ్చెయ్యండి. ఆ ఉత్సాహానికి ఏ వరుసా సాటి రాదు.

నాలుగో మెట్టు: మూడు మాటల పాఠం

పాఠానికి ముందు గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడిగి తుడవండి, వేలి కొసలకు స్పర్శ బాగా తెలుస్తుంది. రెండు అక్షరాలే తీసుకోండి. ఆకారంలోనూ ధ్వనిలోనూ దూరంగా ఉండాలి. గ, ల అనుకుందాం.

మొదట మీరు దిద్ది చూపించి, "ఇది గ" అనండి. బిడ్డ దిద్దుతాడు, అంటాడు. 'ల'తోనూ అంతే. ఇక్కడ ఉపన్యాసం వద్దు. 'గ అంటే గాజు, గాలి, గంట' అని చెప్పడానికి వేరే వేళ ఉంది.

రెండోది అసలైన భాగం, ఎక్కువసేపు ఇక్కడే ఉండాలి. "గ ఏది, చూపించు." "ల నాయనమ్మకు ఇచ్చి రా." "గ దిండు కింద దాచు." మా పాప 'ల'ను ఫ్రిజ్ మీద పెట్టమంటే కుర్చీ లాక్కొచ్చి మరీ పెట్టింది. పేరు చెప్పాల్సిన పని బిడ్డకు ఇంకా లేదు, గుర్తుపడితే చాలు.

మూడోది, అట్ట చూపించి "ఇది ఏమిటి?" అని అడగడం. రెండో భాగంలో తడబడిన బిడ్డను ఇది అడగకండి. నవ్వుతూ అట్టలు తీసేసి మరునాడు మొదటి నుంచి మొదలుపెట్టండి. 'కాదు, తప్పు' అనే మాట ఈ పాఠంలో ఎక్కడా రాదు. అయిదు నిమిషాల్లో అయిపోవాలి. బిడ్డ ఇంకా కావాలంటున్నప్పుడే ఆపెయ్యగలిగితే మంచిది.

మనకు ఇందులో ఒక అదృష్టం ఉంది. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, ధ్వని వేరు, అందుకే అక్కడి ఉపాధ్యాయులు పేరు చెప్పకుండా ధ్వనే చెప్పాలని జాగ్రత్తపడతారు. తెలుగులో 'గ' పేరే 'గ' ధ్వని. ఆ కష్టం మనకు లేదు.

అయిదో మెట్టు: గాజులు, గిన్నె మూతలు

పెన్సిలు ఇక్కడ మొదటిసారి చేతికి వస్తుంది, అక్షరాల కోసం కాదు. మాంటిస్సోరి తరగతిలో పది ఆకారాల లోహపు చట్రాలుంటాయి. వాటి అంచు వెంట గీసి, లోపలంతా గీతలతో నింపుతారు. ఇంట్లో పెద్ద గాజు ఒకటి చాలు (ప్లాస్టిక్‌దో లోహానిదో, పగిలేది వద్దు). ఎడమ చేత్తో దాన్ని అదిమిపట్టి, కుడి చేత్తో లోపలి అంచు వెంట రంగు పెన్సిలు తిప్పాలి. ఎడమచేతి వాటం పిల్లలకు దీన్ని తిరగేసి చెప్పండి, చెయ్యి మార్చమని ఒత్తిడి పెట్టకండి. తరువాత లోపల ఎడమ నుంచి కుడికి దగ్గర దగ్గరగా గీతలు. వారాలు గడిచేకొద్దీ గీతల మధ్య సందు తగ్గుతుంది, అంచు దాటడం తగ్గుతుంది. చేతి అదుపు ఎంత వచ్చిందో ఆ కాగితాలు వరుసగా పేర్చి చూస్తే తెలుస్తుంది.

ఆరో మెట్టు: రాయకముందే మాటలు పేర్చడం

పది, పన్నెండు అక్షరాలు వచ్చాక, చేయి ఇంకా సిద్ధం కాకపోయినా, బిడ్డ మాటలు 'రాయడం' మొదలుపెట్టవచ్చు, అట్టతో కత్తిరించిన విడి అక్షరాలను చాప మీద పేర్చి. కొనే పెట్టెలు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైనవి. తెలుగు గుణింతం వాటిలో ఇమడదు. మనమే కత్తిరించుకోవాలి.

నాకు రెండు వారాలు పట్టిన సంగతి ఇది: తలకట్టును వేరే ముక్కగా కత్తిరించండి. 'క'కు గుడి ఇచ్చినప్పుడు తలకట్టు ఉన్న చోటే గుడి వచ్చి కూర్చుంటుంది. దీర్ఘం, ఎత్వం, ఒత్వం కూడా అంతే. కొమ్ము వచ్చినప్పుడు మాత్రం తలకట్టు ఉండిపోతుంది. బిడ్డ తన చేత్తో తలకట్టు తీసి గుడి పెట్టి 'కి' అన్నప్పుడు గుణింతం అంటే ఏమిటో అర్థమైపోతుంది. క, కా, కి, కీ అని వందసార్లు వల్లించినా రానిది అలా వస్తుంది. మొ, యొ లాంటి మొండివి కొన్ని ఉన్నాయి, వాటిని ఒకే ముక్కగా కత్తిరించి పక్కన పెట్టుకోండి.

మొదట గుణింతాలు లేని మాటలు ఇవ్వండి. మన ఊరు ఇందుకు బాగా కలిసొస్తుంది: అల, వల, పడవ, ఓడ. నాలుగింటినీ ఒక సాయంత్రం బీచ్‌లో చూపించి, ఇంటికొచ్చి పేర్పించవచ్చు. పలక, జడ, తల, ఈగ, ఆట తరువాత. 'అమ్మ' ఎలాగూ అడుగుతారు, దానికోసం మ-వత్తు ఒక్కటి ముందే చేసి ఉంచుకోండి. పేర్చినదాన్ని వెంటనే చదవమని అడగకండి. రాయడం ముందు వస్తుందనీ, చదవడం కొంత వెనకగా వస్తుందనీ మాంటిస్సోరి గమనించారు. మా దగ్గరా అలాగే జరిగింది.

వాడే అక్షరాలు నాలుగేసి, తలకట్లు ఇరవై దాకా చేసుకోండి. తలకట్లు చీపురుకు చిక్కి పోతూనే ఉంటాయి.

ఏడో మెట్టు: సుద్ద, బలపం, చివరికి పెన్సిలు

ముందు డాబా మీద సుద్దముక్కతో, చేతులు బారలా చాపి రాసే పెద్ద అక్షరాలు. ఆ తరువాత పలకా బలపమూ. పలక మీద బలపం కొద్దిగా గీరుకుంటూ నడుస్తుంది, ఆ రాపిడి వేలికి కబురు చెబుతూ ఉంటుంది, తప్పొస్తే తడిగుడ్డ ఉంది. పలకను పాతకాలం వస్తువని అటకెక్కించిన ఇళ్ళు మళ్ళీ దించుకోవచ్చు. కాగితం ఆ తరువాతే: మొదట గీతలు లేనిది, పిదప వెడల్పు గీతలది. నాలుగు గీతల పుస్తకం ఇంగ్లీషు అక్షరాల ఎత్తుల కోసం ఉన్నది. గుండ్రటి తెలుగు అక్షరానికి రెండు గీతలు చాలు, వత్తులకు కింద చోటు వదలాలి.

రోమ్‌లో మొదటి బిడ్డ రాసినది కూడా డాబా మీదే. డిసెంబరు ఎండలో మాంటిస్సోరి పిల్లలతో పైన కూర్చుని, ఒక అయిదేళ్ళ బాబుకు సుద్దముక్క ఇచ్చి, ఎదురుగా ఉన్న పొగగొట్టం బొమ్మ గీయమన్నారు. గీశాడు. బాగుందని మెచ్చుకుంటే ఒక్క క్షణం ఆగి, 'నాకు రాయడం వచ్చు' అని కేక పెట్టి, నేల మీద 'మానో' అని రాశాడు. ఇటాలియన్‌లో చేయి అని అర్థం.

మా పాపకు ఆ రోజు నాలుగేళ్ళ ఎనిమిదో నెలలో వచ్చింది. డాబా మీద బట్టలు తీస్తుంటే వెనక సుద్ద గీరుకుంటున్న చప్పుడు. దూరంగా సముద్రంలో లంగరేసి ఉన్న ఓడలను చూస్తూ ఏదో రాస్తోంది. వెళ్ళి చూస్తే, జానెడు జానెడు అక్షరాలతో 'వడప'. పడవ అన్నమాట. మా అమ్మ చదివి, వడ అంటే ఆకలేస్తోందేమో అనుకుని వంటింట్లోకి వెళ్ళబోయింది.

దిద్దలేదు. అలాంటి తప్పులకూ, ఆరేడేళ్ళ లోపు అద్దంలోలా తిరగబడే అక్షరాలకూ అక్కడికక్కడ ఎర్ర సిరా పనికిరాదు. మరునాడు చేతులు కడిగించి, ప, వ గరుకు అట్టలు రెండూ పక్కపక్కన పెట్టి, ఎప్పటిలాగే మూడు మాటల పాఠం చేశాను. ఆ మరునాడూ అంతే. మూడో రోజు రాత్రి వాన పడి డాబా అంతా కడిగేసినట్టయింది. పొద్దున్నే పైకి వెళ్ళి చూసుకుని, "నా పడవ ఏది?" అని కిందికి వచ్చింది. ఇంకో సుద్దముక్క ఇచ్చాను.